చెరిపేసినా చేజారదు

తిరుమల ఆలయంలో మరుగునపడిన తాళ్లపాక కవుల రాగిరేకులు 1922లో మళ్లీ వెలుగు చూశాయి. తిరుపతిలో కోడ్ రాసే మన పిల్లల్లోనూ అలా వెతికి తెచ్చే ఓపికస్తులున్నారు. వాళ్ల పనిముట్టు, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన, ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్. అందులో కమిట్ చేసిన, అంటే నమోదు చేసిన ఫైలును తర్వాత తీసేసినా పాత ప్రతి చరిత్రలో ఉంటుంది. పనితెలిసినవాళ్లు కమిట్‌ల చిట్టా అయిన లాగ్‌లో డిలీట్ అయినవాటినే వడగట్టి, తీసేసిన కమిట్‌ను పట్టుకుని, దానికి ముందరి కమిట్ నుంచి ఫైలును ఉన్నదున్నట్టు తెస్తారు. ఫైలు పేరు గుర్తులేకపోతే, లోపలుండే ఒక్క మాటతోనే ఆచూకీ తీస్తారు. ఎంత మెచ్చుకున్నా తక్కువే! ఫైలు ఎందుకు తీశారో చెప్పేది మాత్రం కమిట్ సందేశమే. దాన్ని వివరంగా రాయండి. రేపు వెతికేవాళ్లకు అదే దారి.