ప్రోబ్ పెట్టిన చోటు

థర్మల్ పవర్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో 33 ఏళ్ళు పనిచేశాను. బాయిలర్ నుంచి టర్బైన్‌కి వెళ్ళే ఆవిరిని 540 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబెట్టడం మా పని. పోయిన చలికాలం ఒహాయోలో, కొలంబస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, 17 ఏళ్ళ మా మనవరాలు ఒక గాజు తొట్టిలో 30 డిగ్రీలను నిలబెట్టడం దగ్గరుండి చూశాను. మా షిఫ్టులో అంత శ్రద్ధగా పనిచేసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆ పని గురించి రాస్తున్నాను.

తొట్టి పాము కోసం. కార్న్ స్నేక్ అంటారు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, విషం లేనిది. నారింజ రంగు ఒంటి మీద నల్లటి అంచులున్న ఇటుక ఎరుపు మచ్చలు. నాలుగైదు అడుగుల దాకా పెరుగుతుంది, సరిగా చూసుకుంటే 20 ఏళ్ళు బతుకుతుంది. అక్కడ చాలా ఇళ్ళల్లో పెంచుతారు. మన దేశంలో నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ పొలం గట్టు మీది పామును ఇంటికి తెచ్చుకోవద్దని మనవి.

ఈ పాము అంతకుముందు వేరే ఇంట్లో ఉండేది. వాళ్ళు వద్దనుకుంటే మా మనవరాలు తెచ్చుకుంది. తెచ్చిన రోజున దాన్ని చేతుల మీద మెల్లగా తిప్పి నాకు పొట్ట చూపించింది. పొట్ట పొలుసులు బద్దల్లా వరసగా ఉన్నాయి. నడిమికి కాస్త వెనక మూడు పొలుసులు మాత్రం ముడుచుకుపోయి, పసుపు తిరిగి ఉన్నాయి. తొట్టి కింద పెట్టే హీట్ ప్యాడ్‌ని, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెడితే కాలిన గాయం అది. మనకు వేడి తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. పాము అలా చెయ్యదు. పొట్ట కింద వెచ్చగా ఉందని పడుకుంటుంది, కాలుతున్నా అక్కడే పడి ఉంటుంది.

మరి అసలు వేడి ఎందుకు? పాము ఒంట్లో చాలినంత వేడి పుట్టదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. మునిమాపు వేళ వేడి తారు రోడ్డు మీదకొచ్చి పడుకునే పాముల్ని మన ఊళ్ళల్లో చూడనివాళ్ళు ఉండరు. కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా ఎడారిలో పాముల్నీ బల్లుల్నీ పరిశీలించి 1944లో ఒక పరిశోధన వెలువరించారు. ఈ జీవులు వాతావరణం ఎలా ఉంటే అలా పడి ఉండవని, ఎండకీ నీడకీ మధ్య తిరుగుతూ తమ ఒంటి వేడిని తామే దిద్దుకుంటాయని చూపించారు. పాములు పెంచేవాళ్ళందరికీ పునాది అదే. తొట్టి మొత్తాన్ని వేడి చెయ్యకూడదు. ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉండాలి. తిన్నాక అరిగించుకోవడానికి పాము వెచ్చటి వైపు చేరుతుంది, చాలనిపిస్తే ఇవతలికి వస్తుంది. వేడి చాలకపోతే తిన్న ఎలుకను కక్కేస్తుంది. కార్న్ స్నేక్‌కి వెచ్చటి వైపు 30 డిగ్రీలు, చల్లటి వైపు 24 సరిపోతాయి. మా మనవరాలు ఫారెన్‌హీట్‌లో ఆలోచిస్తుంది. నా కోసం నోట్‌బుక్‌లో రెండూ పక్కపక్కన రాసింది, 86 అంటే 30 అని.

హీట్ ప్యాడ్ చూడ్డానికి సినిమా రీలు ముక్కలా ఉంటుంది. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య కార్బన్ సిరాతో అచ్చు వేసిన నల్లటి పట్టీలు, అటూ ఇటూ రాగి రేకు. కరెంటు పారితే ఆ పట్టీలు వేడెక్కుతాయి. 20 వాట్లే కదా అనుకుంటాం. కింద గాలి ఆడకపోతే 50 డిగ్రీలు దాటడానికి ఆ మాత్రం చాలు. 36 అంగుళాల తొట్టిలో మూడో వంతుకి, అంటే ఒక కొస నుంచి 12 అంగుళాల లోపు సరిపోయే ప్యాడ్ తెచ్చింది. తొట్టిని బోర్లించి, అడుగు గాజును స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచింది. ప్యాడ్‌ని ఒక అంచు నుంచి ఆనిస్తూ, పాత లైబ్రరీ కార్డుతో గాలి బుడగల్ని బయటికి తోసుకుంటూ వచ్చింది. బుడగ ఉన్నచోట వేడి గాజులోకి పోక అక్కడే పోగవుతుంది. అంచుల చుట్టూ అల్యూమినియం టేపు వేసింది. వైరు బయటికి వచ్చే మూల దాన్ని చిన్న మెలిక తిప్పి అంటించింది, ఎవరైనా పొరపాటున లాగితే ఆ లాగుడు మెలిక మీద పడాలి గానీ అతుకు మీద పడకూడదని. నాలుగు మూలలా రబ్బరు కాళ్ళు పెట్టింది. బల్లకీ ప్యాడ్‌కీ మధ్య చిటికెన వేలి మందాన సందు వచ్చింది.

థర్మోస్టాట్లలో రెండు రకాలు ఆమె బల్ల మీద ఉన్నాయి. ఒకటి టక్కుమని వెలిగి టక్కుమని ఆరేది. చవక, పని జరుగుతుంది. కానీ ఆరాక కూడా గాజులో దాగిన వేడి కాసేపు పైకి ఎక్కుతూనే ఉంటుంది, మళ్ళీ వెలిగాక కాసేపు దిగుతూనే ఉంటుంది. రెండోది పల్స్ రకం. అనుకున్న వేడికి దూరంగా ఉంటే కరెంటు ఎక్కువసేపు ఇస్తుంది, దగ్గరపడేకొద్దీ చిన్న చిన్న తునకలుగా ఇస్తుంది. దాని ముందువైపు ఉన్న దీపం మొదట నిలకడగా వెలిగి, తర్వాత రెప్ప వేస్తున్నట్టు కొట్టుకుంటుంది. మా బాయిలర్ దగ్గర వాల్వులు చేసిన పని ఇదే. 17వ శతాబ్దంలో డ్రెబెల్ అనే డచ్ ఆయన కోడిగుడ్లు పొదిగించడానికి పాదరసంతో తనంతట తానే సర్దుకునే పొయ్యి కట్టాడు. అప్పటి నుంచీ ఈ విద్య పోకడ ఒక్కటే: కొలిచిన వేడికీ కావలసిన వేడికీ మధ్య తేడా చూసి పొయ్యిని దిద్దడం.

అసలు పనితనం ప్రోబ్ దగ్గర ఉంది. ప్రోబ్ అంటే వైరు చివర బియ్యపు గింజంత థర్మిస్టర్. 25 డిగ్రీల దగ్గర దాని నిరోధం 10,000 ఓములు, 30 దగ్గర సుమారు 8,000. థర్మోస్టాట్‌కి తెలిసేది ఆ ఓములే. పాము గురించి దానికి ఏమీ తెలియదు. ప్రోబ్ ఎక్కడుంటే దానికి లోకం అక్కడే. ప్రోబ్ జారి చల్లటి వైపు పడితే, పాపం, థర్మోస్టాట్ నమ్మకంగా ప్యాడ్‌ని మండిస్తూనే ఉంటుంది. వైరు పూర్తిగా తెగితే మంచి థర్మోస్టాట్ పసిగట్టి వేడి ఆపేసి అలారం కొడుతుంది. ఆమె ప్రోబ్ ప్లగ్గు పీకి అది ఆపుతుందో లేదో కూడా చూసింది. జారిన ప్రోబ్ మాత్రం నమ్మదగిన అంకెనే చెబుతుంది, ఆ తప్పును మామూలు సర్క్యూటు పట్టుకోలేదు.

లోపల, పాము పొట్ట తగిలే గాజు మీదే ప్రోబ్ పెడితే కావలసిన అంకె నేరుగా వస్తుంది. కానీ పాము దాన్ని తలతో ఎత్తేస్తుంది, నీళ్ళ గిన్నె ఒలికితే తడుస్తుంది. లోపల టేపు వేద్దామంటే అసలు కుదరదు. టేపు జిగురుకి పాము అంటుకుంటే పొలుసులు ఊడివస్తాయి. అందుకని ఆమె థర్మోస్టాట్ ప్రోబ్‌ని, ప్యాడ్ అంటించేటప్పుడే, బయట, ప్యాడ్‌కీ గాజుకీ మధ్య, సరిగ్గా నడిమిన పెట్టింది. వైరును ప్రతి మూడంగుళాలకీ టేపుతో పట్టించింది. "తాతయ్యా, పట్టుకుని లాగి చూడు" అంది. లాగాను. కదలలేదు.

లోపలి సంగతి తెలియడానికి ఇంకో థర్మామీటరు ప్రోబ్‌ని అక్వేరియం సిలికాన్‌తో గాజుకి అంటించి, 24 గంటలు ఆరనిచ్చింది. ప్రోబులేవీ అంటించకముందే రెండింటినీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దంచిన మంచుముక్కలు, నీళ్ళు కలిపిన గ్లాసులో ముంచింది. ఒకటి సున్నా చూపించింది, రెండోది 0.6. ఆ తేడాను సెట్టింగులో సరిచేసింది. మేము చేసే పనే, మాకు దానికో గది, రిజిస్టరు, సంతకాలు ఉండేవి. ఆమెకు వంటింటి సింకు ఉంది.

తర్వాత మూడు రోజులు పాము లేని ఖాళీ తొట్టిని నడిపింది. పాము ప్లాస్టిక్ డబ్బాలో, ఇంట్లో వెచ్చటి గదిలో ఆగింది. బయటి ప్రోబ్‌ని 34 దగ్గర పెడితే లోపలి గాజు 30 వచ్చింది. నాలుగు డిగ్రీలు గాజు తినేస్తోంది. రెండో రాత్రి తొట్టి ఉన్న బేస్‌మెంట్ 20 నుంచి 16కి పడింది. బయటి ప్రోబ్ 34 దగ్గరే నిలబడింది గానీ లోపలి గాజు 29కి దిగింది. గది చల్లబడితే గాజు తినే వాటా పెరుగుతుంది. అది చూసి తొట్టి వెనకా పక్కలా థర్మోకోల్ పలకలు కట్టింది, మళ్ళీ కొలిచింది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో గాజంతా చుక్క చుక్కగా చూసుకుంది, అల్యూమినియం టేపును మాత్రం వదిలేసి. మెరిసే లోహం ఆ గన్‌కి తప్పు అంకె చెబుతుందని ఆమెకు తెలుసు.

పైన పరిచే చెక్కపొట్టు మీద కాకుండా గాజు మీదే ఎందుకు కొలవాలని అడిగాను. కార్న్ స్నేక్ పొట్టును తవ్వుకుంటూ అడుక్కి పోతుందంది. పైన 27 చూసి ప్యాడ్ పెంచితే కింద పాము కాలుతుంది. ఆ మూడు పొలుసుల మచ్చ ఆమె మనసులోంచి పోలేదు.

పాము దాక్కోవడానికి రెండు బోర్లించిన మట్టి మూకుళ్ళు, రెండూ ఒకే కొలత, ద్వారం ఒకే వెడల్పు. ఒకటి వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు. చాటు ఒక్క వైపే ఉంటే భయపడ్డ పాము వేడిని వదులుకుని చాటునే ఎంచుకుంటుంది, రెండు వైపులా ఉంటే ఆ బాధ ఉండదు. ఈ తొట్టి మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

ఇప్పుడు చాలామంది ప్యాడ్ మానేసి, ఎండలా పై నుంచి కాసే హాలోజన్ బల్బు వాడుతున్నారు. అది మెరుగనే నాకూ అనిపిస్తుంది, పగటి పూట వేడి పై నుంచి రావడం ప్రకృతికి దగ్గర. కానీ బల్బుకైనా థర్మోస్టాట్ తప్పదు, థర్మోస్టాట్‌కి ప్రోబ్ తప్పదు.

పామును లోపల వదిలి వారం ఆగి, గడ్డకట్టించి ఉంచిన ఎలుకపిల్లను కరిగించి పెట్టింది. మింగింది, చెక్కపొట్టులోంచి వెచ్చటి మూకుడు కిందికి జారిపోయింది. బయట మైనస్ 11. లోపలి అంకె 30.1. దీపం నిదానంగా రెప్ప వేస్తోంది.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు రోజు మా మనవరాలు మా ఉద్యోగం గురించి అడిగి అడిగి చెప్పించుకుంది. పరికరాల మీద క్యాలిబ్రేషన్ చీటీ అతికించేవాళ్ళమని, మళ్ళీ ఎప్పుడు సరిచూడాలో దాని మీద తేదీ ఉండేదని చెప్పాను. మర్నాడు పొద్దున్న బేస్‌మెంట్‌లోకి దిగితే థర్మోస్టాట్ నెత్తిన తెల్ల కాగితం ముక్క ఉంది. మంచు పరీక్ష చేసిన తేదీ, ఆరు నెలల తర్వాతి తేదీ, కింద ఆమె పొడి అక్షరాలు. పక్కన నా సంతకానికి జాగా వదిలింది. పెట్టాను.