ఆల్మేయరు వంశకథ: నామగ్రహణవిచారము

కథావస్తువు ప్రఖ్యాతమనియు, ఉత్పాద్యమనియు, మిశ్రమనియు మూడు తెఱగుల నుండునని ధనంజయుడు దశరూపకమున విభజించెను. ఆంధ్రమున భట్టుమూర్తి వసుచరిత్రావతారికయందు ఈ మూటిని రత్నములతో బోల్చి మిశ్రమునే మెచ్చుకొనెను. ఈ విభాగమంతయు రాజర్షులను, పురాణపురుషులను దృష్టియం దుంచుకొని చేయబడినది. వారి చరిత్రములు లోకమున కంతకును సొమ్ము. కాని యడవి నడుమ కొఠీ పెట్టుకొని బ్రదుకుచున్న యొక సామాన్యవర్తకుని, ఆతడు జీవించియుండగనే, పేరుతో సహా గైకొని, ఆతని యాలుబిడ్డల కథగా నొక కథ నల్లినచో ఆ వస్తువు ప్రఖ్యాతమా, ఉత్పాద్యమా? ఆ వర్తకునకు గవి ఋణపడునా, పడడా? ఈ ప్రశ్నమునకు ఆంగ్లరచయిత జోసెఫు కాన్రాడు ప్రథమనవల “ఆల్మేయర్సు ఫాలీ” చక్కని లక్ష్యము.

కాన్రాడు 1857లో జన్మించిన పోలండు జాతీయుడు. ఆంగ్లము ఆతని మాతృభాష కాదు. నావికవృత్తియం దుండి, 1887 ఆగస్టులో సింగపూరున “విడారు” అను పొగయోడయందు ప్రధానసహాయాధికారిగా జేరి, బోర్నియో ద్వీపపు తూర్పుతీరమునకు నాలుగు మారులు పోయివచ్చెను. ఆ తీరమున బెరౌ అను నదిపై, సముద్రమునకు దూరముగా లోపలనున్న యొక వర్తకస్థానమున చార్లెసు ఓల్మేయరు అను డచ్చివర్తకుని జూచెను. ఆ నదీవ్యాపారమునకు మూలపురుషుడు విలియము లింగార్డు అను ఓడకప్తాను. ఓల్మేయరు 1870లో బెరౌ చేరి, లింగార్డు పక్షమున వర్తకము నడపుచుండెను. కాన్రాడు 1889లో లండనున నీ నవల నారంభించి, 1895లో ప్రకటించెను.

నవలయందలి కథాసంగ్రహ మిది. ఆల్మేయరు జావాలోని చిన్న యుద్యోగి కుమారుడు. మకాసరు రేవున గిడ్డంగిలో గుమాస్తా. లింగార్డు సముద్రపుదొంగలతో పోరాడి, వారిలో జిక్కిన యొక బాలికను బెంచి, క్రైస్తవసన్యాసినుల మఠమున జదివించెను. ధనాశచే ఆల్మేయరు ఆమెను బెండ్లాడి, సంబీరను నదీగ్రామమున కొఠీకి యజమాని యయ్యెను. లింగార్డు బంగారుగనులకై ధనము గూర్పనెంచి ఐరోపాకు బోయి మరల రాలేదు. అరబ్బు వర్తకుడు అబ్దుల్లా వ్యాపారము నపహరించెను. ఆంగ్లకంపెనీవారు వత్తురని యాసించి ఆల్మేయరు కట్టించిన క్రొత్తయిల్లు పాడువడెను. డచ్చి యధికారులు దానికి “ఆల్మేయరు ఫాలీ” యని పరిహాసనామము పెట్టిరి. ఆంగ్లమున నీ శబ్దము వెఱ్ఱితనమునకును, వ్యర్థవ్యయముతో గట్టిన కట్టడమునకును వాచకము. కావున గ్రంథనామమే శ్లిష్టము. ఏకైకపుత్రి నీనా సింగపూరున బెరిగి, తిరిగివచ్చి, బలిద్వీపపు రాజకుమారుడు డైనుతో వెడలిపోవును. ఆమె పాదముద్రలపై తండ్రి చిన్నచిన్న యిసుకకుప్పలు పోసి వానిని మఱుగుపఱచు ఘట్టము కరుణమునకు బరమావధి. కడపట నాతడు పాతయింటిని దగులబెట్టి, నల్లమందునకు వశుడై మరణించును.

ఇక యథార్థమైన కుటుంబచరిత్ర మిట్టిది కాదు. కాన్రాడు చూచిన ప్రాచ్యదేశములను గూర్చి నార్మన్ షెర్రీ పరిశోధించి 1966లో ప్రకటించిన గ్రంథము మున్నగువానివలన దెలియున దేమనగా: ఓల్మేయరు భార్య దొంగలయోడలో దొరకిన బాలిక కాదు, ఐరోపీయ, ప్రాచ్యరక్తములు గలసిన వంశమునకు జెందిన గృహిణి. సంతానము ఒక్క కుమార్తె గాదు, 11 మంది బిడ్డలు. ఆతడు 1900లో జావాలోని సురబాయాలో మరణించెను. అనగా నవల తనను జంపిన పిదప నైదేండ్లు బ్రదికియుండెను.

ఈ మార్పులవలన గవికి దోషము లేదు. ఇతిహాసాగతమైన కథయందు రసమున కననుగుణమైన దానిని విడిచి, యనుగుణమైనదానిని గల్పించుకొనవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున శాసించెను. భారతమున లేని దుర్వాసశ్శాపమును గాళిదాసు శాకుంతలమున జేర్చుట యిందులకు బ్రసిద్ధోదాహరణము. పదునొకండుగురు బిడ్డలు గల తండ్రికి నొక బిడ్డ దూరమైనచో దుఃఖము గలుగును గాని సర్వశూన్యత గలుగదు. ఏకపుత్రికాపిత యగుటచేతనే ఇసుకపై నడుగుజాడలు మాపు చేతులకు అంత బరువు గలిగెను. అట్లే డచ్చి ప్రభుత్వము, అరబ్బు వర్తకులు, స్థానికరాజు అను మూడు బలముల నడుమ నలిగిన చిన్న కొఠీదారుని స్థితిని ఈ నవల చరిత్రగ్రంథములకంటె స్ఫుటముగా జూపినది. ఇంతవఱకు కవి ప్రశంసార్హుడు.

విచారింపవలసినది పేరు. కవి బెరౌ గ్రామమును సంబీరుగా మార్చెను, నదిని పంతాయి యనెను, భార్యను మార్చెను, బిడ్డలను మార్చెను, మరణమును మార్చెను. గృహస్థుని పేరు మాత్రము విడువలేదు. ఓల్మేయరు, ఆల్మేయరు అను భేదము లేఖనమున గనబడును గాని చెవికి మిక్కిలి యల్పము. 1912లో గ్రంథరూపమున వెలువడిన స్వీయస్మృతులలో గవి ఆ వర్తకుని మఱల దలచుకొనెను. అచ్చట, బలినుండి యోడపై దెప్పించుకొన్న గుఱ్ఱపుపిల్ల దింపగనే యడవిపాలైన ముచ్చట చెప్పి, నవలలో గరుణమునకు బాత్రమైనవానిని హాస్యమునకు బాత్రము జేసెను. ఆల్మేయరు పరిచయమే లేకున్న తన రచన యొక పంక్తియైన నచ్చుపడియుండదని యొప్పుకొనెను. పిదప పరలోకమున ఆల్మేయరు ప్రేతము తన్ను నిలదీసినట్లు భావించి, పేరు దీసికొనుట స్వల్పచౌర్యమే యనియు, ఆ పేరు గాలివాటున నందఱి నోళ్లను దిరుగుచున్నదే యనియు, ఆ వట్టిశబ్దమున దాను పితృవేదనను నింపితిననియు సమాధానము చెప్పుకొనెను.

ఈ సమాధానము వ్యాకరణదృష్టికి నిలువదు. జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ యని శబ్దప్రవృత్తి నాలుగు విధములని పతంజలి మహాభాష్యమున జెప్పెను. గోశబ్దము జాతిని జెప్పును; శుక్లశబ్దము గుణమును జెప్పును; ఇట్టి శబ్దములను బలువురకు వర్తింపజేయవచ్చును. డిత్థ, డవిత్థాది యదృచ్ఛాశబ్దమునకు మాత్రము పేరు పెట్టబడిన వ్యక్తియే ప్రవృత్తికి ఆశ్రయము. ఆ వ్యక్తిని దొలగించినచో మిగులునది ధ్వనిమాత్రము. కవికి ధ్వనియే కావలసియున్న మఱియొక డచ్చిపేరు దొరకదా? వ్యక్తియే కావలసియున్న నాతని భార్యాపుత్రుల నేల మాపెను? వ్యక్తి నంతయు మార్చి పేరు నిలుపుటవలన, లోకము కల్పితార్థమును నిజమైనవానికి జేర్చి చదువుకొనెను.

లింగార్డు పేరును గూడ కవి యుంచెనుగదా యని పూర్వపక్షము. ఆతడు నవలలో వీరుడై, సముద్రరాజను బిరుదముతో వెలుగుచున్నాడు. కీర్తి కలిగినచోట దొంగతనమని యెవ్వరు ననరు. ఆంధ్రప్రబంధములయందలి కృతిపతివంశవర్ణనములును ఇట్టివే. అం దతిశయోక్తులు మెండు. ఐనను కవి కృతిపతి యనుమతితో బేరు గైకొని, ధనము స్వీకరించి, యశము నిచ్చెను. బెరౌ కొఠీదారుని యనుమతి నడిగినవారు లేరు. ఆతనికి దక్కినది పరిహాసనామము. ఇది కృతివ్యవహారమునకు విపరీతము.

కావున సిద్ధాంత మిది. వస్తుపరివర్తనము రసోచితము; నామగ్రహణము రసమునకు నిరుపయోగము, వ్యక్తికి హానికరము. కథ ఉత్పాద్యము, పేరు ప్రఖ్యాతము; ఈ కలయిక భట్టుమూర్తి మెచ్చిన మిశ్రము కాదు. అచ్చట రత్నము సానపట్టబడును. ఇచ్చట పరుని యుంగరమున గృత్రిమరత్నము పొదుగబడినది. ఆ రత్నము మిక్కిలి కాంతిమంతమే కావచ్చును. ఐనను వట్టిశబ్దమున బితృవేదనను నింపితినని కవి చెప్పుకొనినపుడు, ఆ శబ్దము వట్టిది కాదనియు, దాని వెనుక పదునొకండుగురు బిడ్డల తండ్రి యొకడు నిజముగా నుండెననియు చదువరి మఱవరాదు.