ఊరి గానసభ

ఆంధ్రదేశమున శాస్త్రీయసంగీతము చిరకాలము దేవాలయమును, సంస్థానమును ఆశ్రయించి బ్రదికినది. విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము, వేంకటగిరి ప్రభువులు విద్వాంసులను పోషించిరి. తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ పిఠాపుర సంస్థానమున మ్రోగినది. 1948లో జమీందారీల రద్దు శాసనము వచ్చి ఆ ప్రాపు తొలగిపోయినను, పాట దిక్కులేనిది కాలేదు. ఏలయన, అంతకు ఎంతో పూర్వమే మన పట్టణములలో ప్లీడర్లును, ఉపాధ్యాయులును, వర్తకులును తలకొంత చందా వేసికొని, శ్రీరామనవమి పందిళ్లలోను, దసరా తొమ్మిదిదినములును విద్వాంసులను రప్పించి పాడించుకొనుట అలవరచుకొనియుండిరి. కాకినాడలోని సరస్వతీ గానసభ ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లనాటిది. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిష్యులకు విద్య గరపుటయే కాక, సద్గురు త్యాగరాజ ఉత్సవములు జరిపి, ఊరివారికి వినికిడియు గరపిరి. ఈ రెండవ పని మొదటిదానికంటె తక్కువది కాదని నా దృఢవిశ్వాసము. గానసభ చేయవలసిన పని గాయకులను తెచ్చుట మాత్రమే కాదు, శ్రోతలను తయారుచేయుట. నిర్వహణలోని ప్రతి యేర్పాటును ఆ దృష్టితోనే చూడవలెను.

ధనసేకరణము మాటయే తీసికొందము. పుష్య బహుళ పంచమినాడు, త్యాగరాజస్వామివారి ఆరాధన ఉంఛవృత్తితో ఆరంభమగును. తంబురలును, చిడతలును చేతబూని భాగవతులు వీధివెంట పాడుచు నడుచుచుండగా, గృహిణులు గుమ్మములలోనికి వచ్చి గుప్పెడు బియ్యము పాత్రలో పోయుదురు. ఆ గుప్పెడుతో ఆ యిల్లు ఉత్సవమునకు భాగస్వామి యగుచున్నది. ఊరిలోని ఒక్క శ్రీమంతుడు వ్యయమంతయు భరించిన సభకంటె, మూడువందల యిండ్లవారు నెలనెల చిన్నమొత్తము లిచ్చుకొను సభ దీర్ఘాయువు కలదగును. శ్రీమంతుని మనసు మారవచ్చును, ఆయన కుమారునికి సంగీతము రుచింపకపోవచ్చును. చందా కట్టినవాడు మాత్రము తన కచేరీకి తానే వచ్చి కూర్చుండును, ఇంటిలోని పిల్లలను వెంటబెట్టుకొని వచ్చును.

ఇక కచేరీని కూర్చుట ఒక ప్రత్యేకవిద్య. పేరుగల గాయకుని, పేరుగల వాయులీన విద్వాంసుని, పేరుగల మార్దంగికుని ఒక్కచోట కూర్చుండబెట్టినంతమాత్రమున కచేరీ కాదు. పురుషగాత్రము సాధారణముగ ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో నుండును. స్త్రీగాత్రము ఐదు, ఐదున్నర శ్రుతులకు పోవును. ఒకే మృదంగము ఈ రెంటికిని ఒదగదు. రాతితోను, కొయ్యతోను అంచును తట్టి శ్రుతి సవరించుట కొలదిమేరకే సాధ్యము. తగ్గుశ్రుతికి పెద్దది, హెచ్చుశ్రుతికి చిన్నది వేర్వేరుగా కావలయును. కావున గాయకుని శ్రుతి యేదో కార్యదర్శి ముందుగనే కనుగొని పక్కవాద్యములవారికి తెలుపవలెను. ఈ చిన్న ఉత్తరము వ్రాయకపోవుటవలన, తెర తీయబోవు వేళకు మృదంగముకొరకు ఊరంతయు వెదకిన సభలు గలవు. మరియు, కచేరీకి ముందు మార్దంగికుని ఒకసారి దగ్గరనుండి చూడుడు: తడిపిన రవ్వముద్దను బొటనవ్రేలితో అదుముచు, ఎడమమూతి నడుమ గుండ్రముగ అద్ది, ఒక దెబ్బ కొట్టి చెవియొగ్గి విని, మరల చిటికెడు తీసి, మరల తట్టి చూచును. ఆ ముద్ద తడిగా నున్నంతవరకే ఎడమచేతి నాదమునకు గాంభీర్యము. నెత్తిమీద పంకా గిరగిర తిరుగుచుండెనా, అరగంటలో అది యెండి బిరుసెక్కును. తంబుర తంత్రులును, వాయులీనపు తంత్రులును సయితము ఆ గాలికి శ్రుతి తప్పును. వేదికపై పంకా ఆపించి, విద్వాంసుని ప్రక్కన గిన్నెడు నీరుంచిన కార్యదర్శికి సంగీతము తెలిసినదని వేరుగ చెప్పనక్కరలేదు.

మైకు సంగతి సంగ్రహముగ చెప్పెదను. అది గాత్రమునకు తోడుగా నుండవలెనే కాని గాత్రమును మ్రింగరాదు. తంబుర యొక్క జీవాళి నాదము వెనుకవరుసలో కూర్చున్నవానికి సన్నగా వినబడినచో హెచ్చుతగ్గులు సరిగ నున్నవని గ్రహింపవచ్చును.

కాలనియమము మరింత ముఖ్యము. అరియక్కుడి రామానుజయ్యంగారు స్థిరపరచిన కచేరీపద్ధతిలో వర్ణముతో ఆరంభించి, మధ్యమకాల కృతులతో చెవులను మేల్కొలిపి, ప్రధానరాగమున ఆలాపన, నెరవు, స్వరకల్పనలతో శిఖరమునకు చేర్చి, మృదంగపు తనియావర్తనము పిమ్మట పదములు, జావళీలు, తిల్లానాలతో మెల్లగా దింపుట గలదు. ఇట్టి క్రమమునకు రెండున్నర గంటలైన అవిచ్ఛిన్నముగ లభింపవలెను. ప్రధానరాగము ముగిసీముగియకముందే ముఖ్య అతిథికి రైలు తప్పునని పాట నాపించి, శాలువలు కప్పి, ఉపన్యాసములు సాగించు దురాచారము నేడు అనేకసభల పీడించుచున్నది. కట్టిన రాగభావము ఒకసారి చెదరినచో విద్వాంసుడు ఎంత సమర్థుడైనను మరల ఆ చోటికి రాలేడు. సన్మానము కచేరీకి పూర్వమైనను జరుగవలె, తరువాతనైనను జరుగవలె. అట్లే, తనియావర్తనము మొదలుకాగానే కాఫీకి లేచువారిని చూచి నొచ్చుకొనుటకంటె, వారికి తాళము తెలియజేయుట మేలు. నెలకొక సాయంకాలము, ఆదితాళమెట్టిది, మిశ్రచాపు ఎట్లు నడచును, తనియావర్తనమును ముగింపునకు చేర్చు మోహరా ఎక్కడ వచ్చును అను విషయములు స్థానిక మార్దంగికునిచేత ప్రదర్శింపజేసినచో, ఏడాది తిరుగునప్పటికి చేతులతో తొడలపై తాళము వేయుచు కదలక కూర్చుండు శ్రోతలు కొందరైనను ఏర్పడుదురు.

బాలురకు చోటు పెట్టుట సభకు కేవలము దయాకార్యము కాదు. బాలమురళీకృష్ణ తొలి పూర్తికచేరీ చేసినది ఎనిమిదేండ్ల ప్రాయమున, విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలోనే. కొత్తవారికే కాదు, కొత్తరీతికిని వినువారు కావలెను: పక్కవాద్యముగ నున్న వాయులీనమును ఏకవాద్యకచేరీకి తగినదిగ నిలిపిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికిని, గాత్రము లేకుండ కచేరీయేమి అని శంకింపక విన్న శ్రోతలు కావలసివచ్చిరి. మధ్యాహ్నము మూడుగంటలకు, ఇరువదిమంది యెదుట పాడు పదునైదేండ్ల బాలికకు సయితము మంచి పక్కవాద్యములను, మంచి తంబురను సమకూర్చి, సభాధ్యక్షుడే ముందువరుసలో కూర్చుండి వినవలెను. ఆమె ఆనాడు పొందు ధైర్యము పదేండ్ల సాధనకు చాలును.

మన సభలకు మరియొక భాగ్యము గలదు. త్యాగరాజస్వామి కావేరీతీరమున తిరువయ్యారులో పాడినది తెలుగున. క్షేత్రయ్య పదములును తెలుగే. తమిళసీమ శ్రోతలలో పలువురు భాష రాకయే భక్తితో విను సాహిత్యము మన పిల్లలకు మాతృభాష. కావున కచేరీకి వచ్చినవారి చేతికి ఆనాటి కృతుల పాఠమును, రాగతాళములతో, సరియైన పదవిభజనముతో అచ్చువేసి ఈయవలెను. అన్నిటికంటె నేను కోరునది, ప్రతి సభయందును ఒక దినచర్యపుస్తకము: ఏనాడు ఎవరు, ఏ రాగమున, ఏ కృతి పాడిరి, ఏ శ్రుతిలో, ఎవరు వాయించిరి అని కచేరీ ముగిసినంతనే వ్రాసి పెట్టునది. వచ్చు విద్వాంసునకు దానిని ముందుగ చూపినచో, గత మూడేండ్లలో ఎవరును ముట్టని రాగము నొకదానిని ఆయనయే యేరి పాడును.