పొదలో పిట్టను పోల్చుకునే విద్య

పాలపిట్టనో లకుముకి పిట్టనో పోల్చుకోవడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. రంగే పేరు చెప్పేస్తుంది. అసలు పరీక్ష పెరటి మందార పొదలో, కంచె మీది తీగలో తిరిగే చిన్న పిట్టలతో. పట్టుమని పది గ్రాములు తూగవు. ఒక కొమ్మ మీద రెండు క్షణాలు నిలవవు. రంగేమిటంటే బూడిద, గోధుమ, ఆకుపచ్చల మధ్య ఎక్కడో ఉంటుంది. వీటిని వేరుచేయడానికి పక్షి పరిశీలకులు తరతరాలుగా పదునుపెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మన ఊళ్లలో ఏడాది పొడవునా కనిపించే దర్జీ పిట్ట, ఆషీ ప్రినియాల మీద దాన్ని ప్రయోగించి చూస్తే అందులోని సూక్ష్మం తెలుస్తుంది.

ముందు చూడాల్సింది రంగు కాదు, ఆకారం. ఆకు నీడలో పచ్చని వీపు బూడిదగా కనబడవచ్చు గానీ ముక్కు రూపు మారదు. ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటే అది గింజలు తినే పిట్ట. సన్నగా, పొడుగ్గా, కిందికి వంగి ఉంటే తేనెపిట్ట. సన్నగా, ఇంచుమించు తిన్నగా ఉంటే పురుగులు ఏరుకునేది. మన రెండు పిట్టలూ ఈ మూడో గుంపులోవే.

తరువాత తోక. ఇక్కడ రెండూ తోక నిక్కబొడుచుకునే తిరుగుతాయి కాబట్టి చూపు తోక చివరికి వెళ్లాలి. ప్రినియా తోక ఈకలు మెట్లుమెట్లుగా అమరి ఉంటాయి. ఒక్కో ఈక కొసన తెల్లటి అంచు, దానికి కాస్త ముందు నల్లటి మచ్చ. దర్జీ పిట్టకు ఆ మచ్చలుండవు. గూడు కట్టే కాలంలో మగదానికి మాత్రం తోక నడిమి ఈకలు రెండు సన్నగా, పొడుగ్గా సాగుతాయి. ఇక తల. దర్జీ పిట్టకు నుదురు, నడినెత్తి తుప్పు రంగు, వీపు పాచి పచ్చ, పొట్ట మీగడ తెలుపు. ప్రినియాకు తల బూడిద రంగు, పొట్ట మీద లేత నారింజ ఛాయ, కన్ను ఎర్రన. అయితే పిల్ల దర్జీ పిట్టకు నెత్తి మీది తుప్పు రంగు ఇంకా సరిగా తేలి ఉండదు. అందుకే అనుభవమున్నవాళ్లు ఒక గుర్తు చూసి పేరు పెట్టరు. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెప్పేదాకా ఆగుతారు. ఆ ఓపికే ఈ విద్యకు ప్రాణమని నాకనిపిస్తుంది.

చూపు ఆగిపోయిన చోట చెవి అందుకుంటుంది. విని గుర్తుపట్టాలన్నా కొన్ని అంశాలను విడదీసి వినాలి: స్వరం హెచ్చా తగ్గా, నాదం శుభ్రంగా ఉందా జీరగా ఉందా, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందా, రెండింటి మధ్య ఎడమెంత. దర్జీ పిట్టది ఒంటికి మించిన గొంతు. 'టువిట్ టువిట్ టువిట్' అని ఒకే మాటను సమానమైన ఎడంతో అలా కొడుతూనే ఉంటుంది. ఆ సమయంలో బైనాక్యులర్ పెట్టి గొంతు పక్కన చూడండి. కూత వచ్చినప్పుడల్లా గొంతు ఉబ్బి, ఈకలు విడి, కింది నల్లని చర్మం చారలా బయటపడుతుంది. నోరు మూయగానే మాయమవుతుంది. కంటికీ చెవికీ ఒకేసారి సాక్ష్యం దొరికే చోటు ఇది. ప్రినియా పాటలో కాస్త జీర ఉంటుంది, కంగారు పడితే 'టీ టీ టీ' అని ముక్కుతో పలికినట్టు అరుస్తుంది. పొద నుంచి పొదకు ఎగిరేటప్పుడు 'చిట్ చిట్' అని చిటపటలాడే చప్పుడు ఒకటి చేస్తుంది. ఆ చప్పుడు వినబడితే పిట్ట కనబడకపోయినా పరవాలేదు.

ఇంత చిన్న ఒంట్లోంచి ఇంత గొంతు ఎలా వస్తుందో పక్షి శరీర నిర్మాణం చెబుతుంది. మన స్వరపేటిక శ్వాసనాళం పైకొసన ఉంటే, పక్షి గాత్ర యంత్రం నాళం అడుగున, అది రెండు ఊపిరితిత్తుల వైపు చీలే చోట ఉంటుంది. దాని పేరు సిరింక్స్. పాడే పిట్టల్లో చీలికకు ఇరువైపులా అదిరే పొరలున్నాయి, వాటిని బిగించే కండరాలు ఏ పక్కవి ఆ పక్కకు విడిగా పనిచేస్తాయి. కాబట్టి ఒక పక్క ఊరుకుని రెండోది పలకగలదు, రెండూ కలిసి వేర్వేరు స్వరాలూ పలకగలవు. ఒక్కో జాతి ఈ యంత్రాన్ని ఒక్కో తీరున వాడుకుంటుంది గనుకే పాట పేరు చెప్పగలుగుతోంది.

చలికాలం వలస పిట్టలు వచ్చాక లెక్క ఇంకా చిక్కుబడుతుంది. కొమ్మల పైభాగంలో తిరిగే గ్రీనిష్ వార్‌బ్లర్‌కు రెక్క మీద సన్నటి లేత గీత గుర్తు. కానీ ఆ గీత ఈకల కొసల్లో ఉండేది. ఈకలు అరిగేకొద్దీ అదీ చెరిగిపోవచ్చు. అరగనిది దాని రెండక్షరాల 'చి-విట్' కూతే. కింది పొదల్లో దాగే బ్లిత్స్ రీడ్ వార్‌బ్లర్ గోధుమ రంగు తప్ప ఏ ఆనవాలూ చూపించదు. నాలుకతో అంగిట కొట్టినట్టు 'టక్... టక్' అంటుంది, దాంతో పేరు తెలిసిపోతుంది.

చెవికి ఇంత విలువ ఇవ్వడం పాత సంగతే. ఇంగ్లండులోని సెల్బోర్న్ గ్రామంలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు, అచ్చం ఒకేలా కనిపించే పచ్చని చిన్న పిట్టలు మూడు జాతులని వాటి కూతల తేడా పట్టి తేల్చాడు. ఆ మాటే 1768 ఆగస్టులో ప్రకృతి పరిశీలకుడు థామస్ పెనెంట్‌కు ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరాల పుస్తకం 1789లో అచ్చయింది. చిఫ్‌చాఫ్, విల్లో వార్‌బ్లర్, వుడ్ వార్‌బ్లర్ అని నేడు పిలిచేవి అవే. ఇవాళ ఫోనులోని మెర్లిన్ యాప్ కూతను బొమ్మగా మార్చి పోల్చి పేరు సూచిస్తోంది. సాయానికి మంచిదే, తుది తీర్పుకు మాత్రం సొంత చెవి కావాలి.

గూడు చూస్తే తేలిపోతుంది కదా అనిపిస్తుంది. దర్జీ పిట్ట ముక్కుతో ఆకు అంచున బెజ్జం చేసి, పత్తి పోగో సాలెపట్టు దారమో దూరుస్తుంది. బయటికొచ్చిన కొస విచ్చుకుని తిరిగి జారకుండా ఆగుతుంది. ముడి అవసరమే లేదు. కానీ ఆషీ ప్రినియా కూడా తరచు ఆకులు కుట్టే గూడు కడుతుంది! కుట్టిన ఆకు కనబడితే, దగ్గరికి పోకుండా దూరాన నిలబడి, ముక్కున పురుగుతో వచ్చే పిట్ట తోక కొసా, నెత్తీ చూసి, కూత విని పేరు రాసుకోవాలి.