ఇద్దరు స్త్రీలు, ఒక ఖడ్గం: ఆర్తెమీజియా చిత్రించిన యూదితు

ఆర్తెమీజియా జెంటిలెస్కి (జననం: రోము, 1593) ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆమె చిత్రాలకంటె ముందు ఒక న్యాయవిచారణ గుర్తుకు రావడం పరిపాటి అయింది. 1611లో చిత్రకారుడు ఆగొస్తీనో టాసి ఆమెపై అత్యాచారం చేశాడు. మరుసటి యేడు తండ్రి ఒరాజియో ఫిర్యాదుపై జరిగిన విచారణలో, ఆమె సాక్ష్యాన్ని పరీక్షించడానికి వేళ్ళకు తాళ్ళు చుట్టి బిగించారు. టాసి దోషిగా తేలాడు. శిక్ష మాత్రం సరిగా అమలు కాలేదు. ఆ తరువాత ఆమె గీసిన ‘హోలోఫెర్నెస్‌ను వధిస్తున్న యూదితు’ చిత్రాలు రెండింటినీ ప్రతీకారంగా వ్యాఖ్యానించడం అందుకే సులభమయింది. ఆ వ్యాఖ్యలో కొంత సత్యం ఉండవచ్చు. కాని చిత్రంలో ఉన్న ముఖ్యమైన విషయం దానికి అందదు.

యూదితు గ్రంథంలో కథ ఇది: అస్సీరియా సేనాని తన పట్టణాన్ని ముట్టడించగా, వితంతువైన యూదితు శత్రుశిబిరానికి వెళ్ళి, మద్యం మత్తులో ఉన్న అతని తలను రెండు వేటులతో నరుకుతుంది. ఆ సమయంలో పరిచారిక గుడారం వెలుపలే ఉంటుంది. కరవాజ్జో సుమారు 1599లో గీసిన చిత్రంలో పరిచారికను లోపలికి తెచ్చాడు. అయితే ఆమె సంచీ పట్టుకుని పక్కన నిలిచిన ముసలిది. యూదితు ఏవగింపుతో వెనక్కు ఒరుగుతూ నరుకుతుంది.

ఆర్తెమీజియా పరిచారికకు యౌవనాన్నీ, పనినీ ఇచ్చింది. నేపుల్స్‌లోని చిత్రంలోనూ (సుమారు 1612–13), ఫ్లోరెన్స్ ఉఫీజీలోని చిత్రంలోనూ (సుమారు 1620) ఆమె తన బరువంతా మోపి అతణ్ణి అదిమిపట్టి ఉంటుంది. అతని పిడికిలి ఆమె గడ్డం దాకా లేస్తుంది. యూదితు చేతులు పైకి మడిచిన కుప్పెసలతో, ఒక చేత జుట్టు పట్టి, మరొక చేత కత్తి దింపుతాయి. ఆ ముఖంలో ఉన్నది ఆవేశం కాదు, చేస్తున్న పనిపై ఏకాగ్రత. బలవంతుణ్ణి చంపడం కష్టమైన పని, ఒక్కరి వల్ల అయ్యేది కాదు అన్న ఎరుక ఈ వీరత్వానికి పునాది.

తెలుగు పాఠకులకు ఇక్కడ పోతన భాగవతంలోని నరకాసురవధ స్ఫురించక మానదు. అక్కడ యుద్ధం చేసే సత్యభామ శత్రువుకు భయంకరంగానూ, భర్తకు శృంగారమూర్తిగానూ ఏకకాలంలో కనిపిస్తుంది. ఆ ద్వంద్వంలోనే ఘట్టం అందమంతా ఉంది. అయితే ఆమె శౌర్యాన్ని మురిపెంతో చూసే పురుషుడొకడు పక్కనే ఉన్నాడు; చివరి వేటు కూడా అతనిదే. ఆర్తెమీజియా గుడారంలో అటువంటి ప్రేక్షకుడు లేడు. ఉన్న ఒక్క పురుషుడూ మరణిస్తున్నాడు.

ఈ దృష్టి విచారణతో పుట్టింది కాదు. 1610లో, అంటే అత్యాచారానికి ముందే, గీసిన ‘సుసన్న–పెద్దలు’ చిత్రంలో సుసన్న తనపైకి వంగిన ముసలివాళ్ళనుంచి ఒళ్ళంతా మెలితిప్పుకొని తప్పించుకోజూస్తుంది. స్త్రీదేహాన్ని చూపులకు విందుగా కాక, ప్రతిఘటించే శరీరంగా చూడటం పదిహేడో యేటికే ఆమెకు అలవడింది. ఆమె ప్రతిభను గాయానికి మాత్రమే ముడిపెడితే, టాసికి తగని ప్రాముఖ్యం ఇచ్చినట్టవుతుంది.

అమెరికాలో డెట్రాయిట్‌లోని చిత్రం (సుమారు 1623–25) వధ ముగిసిన తరువాతి క్షణం. పరిచారిక నేలపై మోకరిల్లి తలను మూటగడుతోంది. యూదితు కొవ్వొత్తి వెలుగుకు చేయి అడ్డుపెట్టి, కత్తి దించకుండా, ఏదో అలికిడి విన్నట్టు అటు తిరిగింది. విజయోత్సాహం ఎక్కడా లేదు. శిబిరం దాటి, ఇద్దరూ ఇల్లు చేరవలసి ఉంది.