గోమాళంలో ఈలజిట్ట

కోలారు జిల్లాలో ఏ గోమాళంలో, అంటే ఊరి పశువుల మేత భూమిలో, నడిచినా కాళ్ల ముందు నుంచి ఒక మట్టిరంగు పిట్ట లేస్తుంది. కాస్త దూరం ఎగిరి మళ్లీ గడ్డిలో వాలుతుంది. వాలినచోటికి వెళ్తే కనబడదు. పిచ్చుకేమోలే అనుకుని సాగిపోతాం. చాలాసార్లు అది పిచ్చుక కాదు. బంగారు గనుల చుట్టూ ఉన్న గడ్డి మిట్టల్లో, బంగారుపేట, ముళబాగిలు వైపు బీళ్లలో పిచ్చుకను పోలిన పిట్టలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం భరతపక్షుల కుటుంబానివి. వాటిని విడదీసి గుర్తుపట్టడం పక్షి పరిశీలకులు నేర్చే విద్యలో కష్టమైన పాఠం. ఈ జిల్లాకు సంబంధించినంతవరకు అంతకన్నా అవసరమైన పాఠం మరొకటి లేదంటాను.

ముందు నడక చూడాలి. ఊరపిచ్చుక నేల మీద గెంతుతుంది. భరతపక్షి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది, అవసరమైతే పరుగెడుతుంది. సన్నటి ముక్కుతో, నిటారుగా నిలబడి, పొడుగాటి తోకను కిందికీ పైకీ ఆడిస్తూ, ఎగిరినప్పుడు తోక అంచుల్లో తెల్లటి ఈకలు చూపిస్తే అది భరతపక్షి కూడా కాదు, పిపిట్ అనే వేరే పిట్ట.

భరతపక్షుల్లో ఒకటైన ఈలజిట్ట అలా ఉండదు. పొట్టి తోక, బలమైన ముక్కు, బొద్దుగా ఉండే ఒళ్లు. దీని ఇంగ్లిషు పేరులో ఉన్న జెర్డన్ నెల్లూరులో పనిచేసిన సైనిక వైద్యుడు, మన పక్షుల తెలుగు పేర్లను తన పుస్తకాల్లో శ్రద్ధగా రాసిపెట్టినవాడు. ఈ పిట్టకు శాస్త్రీయ నామం మాత్రం 1845లో పక్షి శాస్త్రవేత్త బ్లైత్ పెట్టాడు. బైనాక్యులర్‌లో దగ్గరగా చూడండి. వీపు మీద ప్రతి ఈకకూ నడుమ ముదురు గోధుమరంగు, చుట్టూ లేత అంచు ఉంటాయి. ఛాతీ మీద నల్లటి చుక్కలు గుంపులుగా ఉంటాయి. మడిచిన రెక్క మీద ఒంటికి దగ్గరగా ఉండే ఈకలు పొడవుగా సాగి, ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకలను దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. ఎండలో, గడ్డి రాపిడిలో అరిగిపోయేది ఈ పైవరుసే. అసలు ఈకలు భద్రంగా ఉంటాయి. కొత్త ఈకలు వచ్చిన తర్వాత పిట్ట లేతగా, పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. నెలలు గడిచి అంచులు అరిగాక అదే పిట్ట ముదురుగా, చారలతో కనిపిస్తుంది. అందుకే ఒంటి రంగును మాత్రమే నమ్ముకుంటే మోసపోతాం. రెక్క విప్పినప్పుడు బయటపడే ఇటుకరంగు అంతకన్నా నమ్మదగిన గుర్తు. ఆ కాస్త క్షణం కోసమే ఓపిగ్గా కాచుకోవాలి.

ఆ ఇటుకరంగు ఇంకా విశాలంగా పరుచుకుని ఉండే దగ్గరి చుట్టం మరొకటి ఉంది, ఎర్రరెక్కల భరతపక్షి. ఈకలతో తేల్చడం కష్టమైనప్పుడు చెవిని నమ్మాలి. ఈలజిట్ట తుప్ప మీదో తీగ మీదో కూర్చుని, లేదా కొద్ది ఎత్తుకు ఎగిరి కాళ్లు వేలాడేసుకుని దిగుతూ, లోహం గిలక్కొట్టినట్టు పొడిగా కూస్తుంది. ఎర్రరెక్కలది ఇంకా పైకెగిరి పాడుతుంది. ఈలజిట్టను బెంగాల్ ప్రాంతపు పిట్టతో కలిపి ఒకే జాతిగా లెక్కగట్టేవాళ్లు. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఆల్‌స్ట్రోమ్ 1998లో వాటిని వేరు జాతులుగా చూపించినప్పుడు ఆయన వాదనకు ముఖ్యమైన ఆధారం కూతే.

ఇక నేల. గడ్డి నడుమ అక్కడక్కడా తంగేడు తుప్పలుంటే అది ఈలజిట్ట చోటు. గడ్డి దుబ్బు చాటున నేల మీదే గూడు కట్టుకుంటుంది. దుక్కి దున్నిన చెనిక్కాయల చేలో, బోడి నేల మీద పొట్టి కాళ్లతో నేలకు అతుక్కుపోయి కనిపించేది నెత్తి బూడిదరంగులో ఉండే చిన్న భరతపక్షి. దాని మగదానికి పొట్టంతా నలుపు. ఆడది ఆడపిచ్చుకలాగే ఉంటుంది కాబట్టి పక్కన మగది ఉందేమో వెతకాలి. రాళ్ల నేలలో ముదురు వన్నెతో తిరుగుతూ, ఎర్రటి తోక కొసన నల్లపట్టీ చూపించేది ఇంకొక భరతపక్షి. నేల మారితే పిట్ట మారుతుంది. పాత పరిశీలకులు ఏ ఊళ్లో అని అడగరు, ఎలాంటి నేలలో అని అడుగుతారు.

ఆ నేల గురించే నా బాధ. కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు మిగిలాయి, వాటితోపాటు గనుల భూముల్లో గడ్డి కూడా మిగిలింది. అక్కడ కృష్ణజింకలు మేస్తున్నాయి. జిల్లాలో మిగతాచోట్ల గడ్డి నేలల అదృష్టం ఇంత బాగాలేదు. రెవెన్యూ లెక్కల్లో బంజరు అన్న ఒక్క మాటతో గడ్డి నేల ఖాళీ స్థలమైపోతుంది. 1980లలో సామాజిక అడవుల పేరిట ఈ జిల్లాలో నీలగిరి చెట్లు విపరీతంగా నాటారు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. కానీ నీలగిరి బదులు వేప నాటినా, కానుగ నాటినా ఈలజిట్టకు ఒరిగేదేమీ లేదు. దానికి కావలసింది గడ్డి.

కింద పడిన ఈక దొరికితే ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. తేదీ, చోటు, నేల తీరు రాసుకోండి. మీ ఊరి గోమాళంలో మొక్కలు నాటాలని ఎవరైనా తలపెడితే, అంతకుముందే ఒక ఉదయం అక్కడ తిరిగి ఏయే పిట్టలు ఉన్నాయో పేర్లతో రాసి పంచాయతీకి ఇవ్వండి. మొక్కలను బాటల పక్కన, బడి ఆవరణల్లో నాటమని చెప్పండి.