చిరగకుండా ఒలిచే విద్య

చాలా రోలీఫ్లెక్స్ కెమెరాల ముందు పలకను ఊడదీయాలంటే ముందుగా దాని మీది తోలు ఒలవాలి. పలకను పట్టి ఉంచే స్క్రూలు ఆ తోలు కిందే ఉంటాయి. 1964లో మార్కెట్లోకి వచ్చిన పెంటాక్స్ స్పాట్‌మేటిక్‌లోనూ లెన్సు చుట్టూ ఉన్న రెక్సిన్ తీస్తే గానీ లోపలి అద్దం పెట్టెను బయటికి తీయలేం. అందుకే పాత ఫిల్మ్ కెమెరాలను బాగుచేసేవారికి తొడుగు తీయడం తొలి పాఠం. తీసిన ముక్కను మళ్లీ అదే చోట అంటించగలిగితేనే ఆ పాఠం వచ్చినట్టు.

తీయబోయేది ఏమిటో ముందు పోల్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి జర్మన్ కెమెరాల్లో చాలావాటికి అసలైన తోలే వాడారు. 1960, 70 దశకాల జపాన్ కెమెరాలకు ఎక్కువగా ఉండేది గుడ్డ మీదో కాగితం మీదో ప్లాస్టిక్ పూత పూసిన రెక్సిన్. పాత లైకాల మీద ఉండేది వల్కనైట్, అంటే గంధకం కలిపి వేడిచేసి గట్టిపరచిన రబ్బరు.

జిగురు లక్కతో చేసిందైతే స్పిరిట్‌కు కరుగుతుంది. రబ్బరు జిగురైతే సిగరెట్ లైటర్లో పోసే పెట్రోలుకు లొంగుతుంది. దానికి మంట దూరంగా ఉండాలి, గాలి ఆడాలి. ఎసిటోన్ జోలికి మాత్రం పోకూడదు. ప్లాస్టిక్‌నూ రంగునూ తినేస్తుంది. ఏ ద్రవాన్నీ నేరుగా పోయకూడదు. షట్టర్‌లోకి దిగితే అక్కడి నూనెను కరిగించి రేకుల మీదికి లాక్కుపోతుంది. దూది పుల్లతో ఒక అంచు తడిపి, కాసేపు ఆగి, గుండ్రటి కొస ఉన్న పలుచని రేకును లోహానికి ఆనించి తోయాలి. రేకు మొన లేస్తే తోలుకు చిల్లు పడుతుంది. పట్టి లాగితే రెక్సిన్ సాగుతుంది. సాగింది మళ్లీ తన చోట ఇమడదు. జిగురు వదిలేదాకా ఆగడం, మళ్లీ తడపడం, మరో గోరంత జరగడం: పనితనమంతా ఇందులోనే ఉంది.

పాత జైస్ ఐకాన్ కెమెరాల మీద తోలు అక్కడక్కడా బొడిపెలు కడుతుంది. వాటి కింద ఉండేది చిలుము. ఇత్తడి రివెట్లలోని రాగి, తోలులోని కొవ్వుతో ఏళ్ల తరబడి కలిసి, పచ్చటి మైనంలా పెరిగి తోలును పైకి నెడుతుంది. పైనుంచి ఎంత నొక్కినా ప్రయోజనం లేదు. తోలెత్తి, వెదురు పుల్లతో చిలుము గీకి, తుడిచి, రివెట్టు మీద పలుచగా వార్నిష్ రాయాలి.

1954లో వచ్చిన లైకా ఎం3 వంటి కెమెరాల వల్కనైట్ వయసు మీదపడ్డాక పెళుసెక్కి పెంకుల్లా రాలుతుంది. దాన్ని ఒకే ముక్కగా తీయడం దాదాపు అసాధ్యం. గట్టిగా ఉన్నంతకాలం ముట్టుకోకపోవడమే మేలు. రాలడం మొదలైతే, తీసేముందు పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అంచుల, రంధ్రాల అచ్చు తీసుకోవాలి. కొత్త తోలు కోయడానికి అదే కొలత.

కొత్త తొడుగులు దొరుకుతున్నప్పుడు పాతదాని కోసం ఇంత ఓపిక ఎందుకు? ఆనాటి ఫ్యాక్టరీలో అచ్చువేసిన గరుకుతనం, యజమాని వేళ్లు నునుపు చేసిన చోటు కొత్తదానికి రావు. కెమెరా చరిత్రలో కంటికి కనిపించే భాగం అదే. తిరిగి అంటించేటప్పుడు జిగురు ఎంపికలోనూ ఈ గౌరవం ఉండాలి. సూపర్ గ్లూ వాడితే తొడుగును మళ్లీ తీసే దారిని శాశ్వతంగా మూసినట్టే. ఈరోజు శుభ్రం చేసిన షట్టర్‌లో కొన్నేళ్లకు నూనె మళ్లీ గట్టిపడుతుంది. అప్పుడు విప్పేవారికి కూడా తొడుగు చిరగకుండా రావాలి. అంత ముందుచూపుతో అంటించినప్పుడే మరమ్మతు పూర్తయినట్టు.